మధుమేహ, హృద్రోగ చికిత్సల్లో నాణ్యత: క్షేత్రప్రయోగాల పరిశీలన

వ్యాససంగ్రహం

మధుమేహం, హృద్రోగం పరస్పరం ముడిపడిన దీర్ఘవ్యాధులు. మందులు, చికిత్సా మార్గదర్శకాలు అందుబాటులో ఉన్నా నియంత్రణ లక్ష్యాలను చేరుకొంటున్న రోగులు తక్కువ. ఈ అంతరానికి గల కారణాలను, దాన్ని పూడ్చడానికి జరిగిన మూడు క్షేత్రప్రయోగాల ఫలితాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: మధుమేహం, హృద్రోగం, చికిత్సా నాణ్యత, చికిత్సా జడత్వం, సంరక్షణ సమన్వయకర్త.

1. ప్రస్తావన

మధుమేహ రోగుల ప్రాణాలకు ప్రధానమైన ముప్పు గుండె, రక్తనాళాల వ్యాధుల వల్లనే కలుగుతుంది. అందుచేత రక్తంలో చక్కెరను తగ్గించడంతోనే మధుమేహ చికిత్స పూర్తికాదు. రక్తపోటును, ఎల్‌డీఎల్ కొలెస్టరాల్‌ను కూడా అదుపులో ఉంచాలి. డెన్మార్క్‌లో 160 మంది రోగులతో జరిగిన స్టెనో-2 అధ్యయనం ఇందుకు బలమైన ఆధారం. ఈ అంశాలన్నిటికీ ఏకకాలంలో గట్టి చికిత్స పొందినవారిలో, సుమారు 8 ఏళ్ల కాలంలో, హృద్రోగ ముప్పు దాదాపు సగానికి తగ్గినట్లు 2003లో ప్రచురితమైన ఫలితాలు తెలిపాయి.

భారతదేశంలో పరిస్థితి దీనికి చాలా దూరంగా ఉంది. ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం 2022లో ప్రకటించిన వివరాల ప్రకారం, తమకు మధుమేహం ఉందని తెలిసినవారిలో 36.3 శాతం మందికి చక్కెర, 48.8 శాతం మందికి రక్తపోటు, 41.5 శాతం మందికి ఎల్‌డీఎల్ అదుపులో ఉన్నాయి. మూడూ అదుపులో ఉన్నవారు 7.7 శాతం మాత్రమే.

2. నాణ్యతకు కొలమానం

వైద్యసేవల నాణ్యతను నిర్మాణం, ప్రక్రియ, ఫలితం అనే మూడు కోణాల నుంచి పరిశీలించవచ్చునని అవెడిస్ డొనబెడియన్ 1966లో ప్రతిపాదించాడు. వైద్యులు, మందులు, పరీక్షా సాధనాలు నిర్మాణం కిందికి వస్తాయి. సకాలంలో పరీక్ష చేయడం, అవసరమైనప్పుడు మందు మార్చడం ప్రక్రియ. రోగి ఆరోగ్యంలో కలిగే మార్పు ఫలితం. నిర్మాణం మెరుగుపడినంత మాత్రాన ఫలితం దానంతటదే మెరుగుపడదు. రెండింటినీ కలిపేది ప్రక్రియ. దీర్ఘవ్యాధుల్లో సాధారణంగా తెగిపోయే లంకె కూడా ఇదే.

ఆ లంకె రెండు వైపుల నుంచీ తెగుతుంది. చక్కెర ఎక్కువగా ఉన్నట్లు నివేదికలో కనిపించినా వైద్యుడు పాత మందునే కొనసాగించడాన్ని ‘చికిత్సా జడత్వం’ అంటారు. రద్దీగా ఉండే ఓపీలో ఒక్కొక్క రోగికి దక్కే కొద్ది నిమిషాల్లో ఇది సులభంగా జరిగిపోతుంది. మరోవైపు, బాధ ఏదీ తెలియనందువల్ల రోగి మందులు మానివేస్తాడు, మళ్లీ రావలసిన తేదీకి రాడు. అతడు రాలేదని గమనించే బాధ్యత ఎవరికీ అప్పగించి ఉండదు.

3. కార్స్ ప్రయోగం

ఈ లోపాలు రెండింటినీ కలిపి ఎదుర్కొన్న ప్రయోగం కార్స్. భారత్, పాకిస్థాన్‌లలోని 10 క్లినిక్‌లలో, నియంత్రణ సరిగా లేని 1,146 మంది మధుమేహ రోగులను రెండు వర్గాలుగా చేసి పరిశీలించారు. ఒక వర్గానికి యథాప్రకారం చికిత్స అందింది. రెండవ వర్గానికి రెండు ఏర్పాట్లు అదనంగా చేశారు. మొదటిది, రోగులతో నిరంతరం సంప్రదిస్తూ వారి సంరక్షణను అనుసరించే, వైద్యుడు కాని సమన్వయకర్త. రెండవది, రోగి వివరాలను బట్టి చికిత్సలో మార్పులు సూచించే ఎలక్ట్రానిక్ రికార్డు. ఆ సూచనను స్వీకరించడం, తిరస్కరించడం వైద్యుడి విచక్షణకే వదిలారు.

2016లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం, చక్కెరతో పాటు రక్తపోటు, ఎల్‌డీఎల్‌లలో కనీసం ఒకటి అదుపులోకి వచ్చినవారు సాధారణ వర్గంలో 8.1 శాతం, ప్రయోగ వర్గంలో 18.2 శాతం. కొత్త మందేదీ కనిపెట్టకుండానే సాఫల్యం రెట్టింపు దాటింది. అయితే ప్రయోగ వర్గంలోనూ ప్రతి ఐదుగురిలో నలుగురికి పైగా ఆ లక్ష్యాన్ని చేరలేదన్నది కూడా గమనార్హం.

4. పశ్చిమ గోదావరి, కేరళ అనుభవాలు

ఆంధ్రప్రదేశ్‌లోని పశ్చిమ గోదావరి జిల్లా గ్రామాల్లో జరిగిన స్మార్ట్‌హెల్త్ ప్రయోగంలో ఆశా కార్యకర్తలు ట్యాబ్ సాయంతో హృద్రోగ ముప్పును అంచనా వేసి, ముప్పు అధికంగా ఉన్నవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు పంపారు. అయినా రక్తపోటు నియంత్రణలో గణనీయమైన తేడా కనిపించలేదు. కేరళలోని 63 ఆసుపత్రుల్లో గుండెపోటు రోగులకు మెరుగైన సేవలకై జరిగిన ప్రయోగంలో చికిత్సా సూచికలు, తనిఖీ పట్టికలు, పనితీరు నివేదికలు ప్రవేశపెట్టారు. 2018లో ప్రచురితమైన ఆ ఫలితాలలోనూ, 30 రోజుల్లో సంభవించే మరణాది తీవ్ర ఘటనల్లో ఈ సాధనాల వల్ల చెప్పుకోదగిన తగ్గుదల నిర్ధారణ కాలేదు.

ఈ మూడింటి లక్ష్యాలు, పరిస్థితులు వేరైనందున నేరుగా పోల్చడం తగదు. కానీ ఒక అంశం స్పష్టం. ముప్పును గుర్తించడం గొలుసులో మొదటి కడియం మాత్రమే. ఆశా కార్యకర్త గుర్తించిన రోగికి కేంద్రంలో వైద్యుడు, మందులు, మరుసటి నెల పలకరింపు దొరికినప్పుడే ఆ గుర్తింపు సార్థకమవుతుంది. 2017లో తెలంగాణతో సహా ఐదు రాష్ట్రాల్లో మొదలైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమం ప్రామాణిక చికిత్సా విధానం, మందుల సరఫరా, బృంద సేవ, రోగుల నమోదు వంటివాటిని ఒకే కట్టుగా చేపట్టడంలోని ఔచిత్యం ఇదే.

5. ముగింపు

మధుమేహ, హృద్రోగ చికిత్సల్లో లోటు ప్రధానంగా వైద్యవిజ్ఞానంలో కాదు, దాన్ని ప్రతి రోగికీ ప్రతి నెలా చేరవేసే ఏర్పాటులో ఉంది. సాఫ్ట్‌వేర్, పట్టికలు ఆ ఏర్పాటుకు తోడ్పడగలవు గాని, దాని స్థానాన్ని భర్తీ చేయలేవు. రోగి రాని రోజున అతని కోసం వాకబు చేసే వ్యక్తిని నియమించి, ఆ పనికి తగిన వేతనాన్ని, శిక్షణను కల్పించడం నాణ్యతకు తొలి మెట్టు. గ్రామీణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో అటువంటి ఏర్పాటు ఏ రూపంలో, ఎంత వ్యయంతో నిలదొక్కుకోగలదన్నది పరిశోధకులు చేపట్టవలసిన ప్రశ్న.