ఏమి చదివినారు? ఎవరి మాట విన్నారు?
విశాఖ రచయితల నుండి నేర్వదగిన శిల్పరహస్యము

రచయిత ఎదుటపడగానే పాఠకుడు అడిగే మొదటి ప్రశ్న, "ఎట్లా వ్రాస్తారండీ?" అన్నది. ఆ ప్రశ్నకు తృప్తికరమైన సమాధానము చెప్పగలిగిన రచయిత అరుదు. అదే రచయితను "మీకు ప్రాణప్రదమైన పుస్తకము ఏది?" అని అడిగి చూడండి. మాట తడుముకొంటున్న మనిషి ముఖము విప్పారుతుంది. తన శిల్పమును గురించి చెప్పలేనిదంతా ఇతరుల గ్రంథమును గురించి చెబుతూ తనకు తెలియకుండానే వెల్లడి చేస్తాడు. పాఠశాలకు ఒక రచయితను ఆహ్వానించే ఉపాధ్యాయులు ఈ సూక్ష్మము గుర్తుంచుకొనుట మంచిది.

రచయితలను ప్రశ్నించుటకు విశాఖపట్నమంత అనువైన ఊరు తెలుగుదేశములో మరి కొన్ని మాత్రమే ఉన్నవి. శ్రీశ్రీగా ప్రసిద్ధులైన శ్రీరంగం శ్రీనివాసరావుగారు 1910లో ఈ ఊరనే జన్మించినారు. ఆరుద్రగారు జన్మించినది ఇక్కడనే, 1925లో. రావిశాస్త్రిగారు న్యాయవాదిగా జీవితమంతా గడిపినది ఇక్కడనే. వీరిలో శ్రీశ్రీగారు పాఠకులకు చిక్కని మనిషి కారు. పత్రికాముఖముగా ఎందరో అడిగిన ప్రశ్నలకు ఆయన సమాధానములు ఇచ్చినారు. ఆ శీర్షికకు "ప్రజ" అని పేరు. ప్రశ్నలలోని మొదటి అక్షరము, జవాబులలోని మొదటి అక్షరము కలిసి ఆ పేరు ఏర్పడినది. కవికీ పాఠకునికీ నడిచే సంభాషణకు అంతకంటె తగిన పేరు దొరకదు.

ఇంతకూ ఆయన ఏమి చదివినారు? 1928లో "ప్రభవ" వెలువడేనాటికి ఆయన వయస్సు 18 సంవత్సరములు. అందలి పద్యములు సంప్రదాయ ఛందస్సులోనివి. ఆ మార్గముననే సాగి ఉండినచో తెలుగువారికి మరియొక మంచి పద్యకవి దక్కి ఉండేవారేమో కాని, "మహాప్రస్థానం" దక్కేది కాదు. నడుమ జరిగినది పఠనము. ఎడ్గార్ ఎలెన్ పో, బోదిలేర్, స్విన్‌బర్న్ వంటి పాశ్చాత్య కవులను ఆయన మక్కువతో చదివినారు. స్విన్‌బర్న్ పేరుతో "మహాప్రస్థానం"లో ఒక గీతమే ఉన్నది. ఈ కావ్యములోని గీతములలో అధికభాగము 1933 మొదలు 1940 వరకు వ్రాసినవి. గ్రంథముగా వెలువడినది 1950లో. అకాలమరణము పాలైన మిత్రుడు కొంపెల్ల జనార్దనరావుగారికి ఆయన దానిని అంకితము చేసినారు.

అయితే విదేశ కవుల ప్రభావమే ఆయనను నవకవిగా చేసినదనుట అర్ధసత్యము. తెలుగులో ఆయనకు ఆరాధ్యుడు గురజాడ అప్పారావుగారు. 1862లో నాటి విశాఖ జిల్లాలో జన్మించి, విజయనగరములో జీవితము గడిపిన గురజాడవారు ముత్యాలసరము అనే నడకను తెలుగు కవితకు ప్రసాదించినారు. మూడు మాత్రలు, నాలుగు మాత్రలు ఒకదాని వెంట ఒకటి నడిచి, పాదమునకు పదునాలుగు మాత్రలగుట దాని లక్షణము. నాలుగవ పాదము కురుచ కావచ్చును. గణములను వ్రేళ్లపై లెక్కింపనక్కరలేక, చెవితోనే పట్టుకొనగల నడక అది. శ్రీశ్రీగారి గేయములకు దారి వేసినది ఈ మాత్రాఛందస్సే. పాశ్చాత్యుల నుండి ఆయన గ్రహించినది చూపు. గురజాడ నుండి గ్రహించినది అడుగు. చూపు ఉండి అడుగు పడనివాడు ఊరు చేరడు కదా!

ఈ పఠనము ఒంటరిగా సాగినది కాదు. విజయనగరము మహారాజా కళాశాలలో ఆంగ్లోపన్యాసకులుగా ఉండిన రోణంకి అప్పలస్వామిగారు పలు ఐరోపా భాషలు ఎరిగిన విద్వాంసులు. ఆ తరము యువకులకు అక్కడి నూతన కవితారీతులను పరిచయము చేసినవారిలో ఆయన ముఖ్యులు. విశాఖలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు గ్రంథాలయమునకు అధిపతిగా ఉండిన అబ్బూరి రామకృష్ణారావుగారు స్వయముగా కవి. పుస్తకములను కాపాడే మనిషి పుస్తకములను ప్రేమించే మనిషి కూడా అగుట ఒక ఊరి అదృష్టము. పురిపండా అప్పలస్వామిగారు మరియొక దిక్కునకు తలుపు తెరచినారు. పారిసు, లండనుల వైపు అందరూ చూస్తున్న కాలములో, ఆయన పొరుగుననే ఉన్న ఒరియా సాహిత్యమును తెలుగులోనికి తెచ్చినారు. గోపీనాథ మహాంతిగారి "అమృత సంతానం" ఆయన అనువాదము వల్లనే మనకు అందినది.

ఇక రెండవ ప్రశ్న: ఎవరి మాట విన్నారు? దీనికి సమాధానము రాచకొండ విశ్వనాథశాస్త్రిగారి కథలలో ఉన్నది. ఆయన 1922లో శ్రీకాకుళములో జన్మించినారు. జేమ్స్ జాయిస్ నవల "యులిసెస్" వెలువడినది కూడా ఆ సంవత్సరముననే. డబ్లిను నగరములో ఒకే ఒక్క దినమున, 1904 జూన్ 16న, కొందరి మనస్సులలో మెదలిన తలపులను ఆ నవల చిత్రించినది. ఈ పద్ధతికి మన విమర్శకులు చైతన్యస్రవంతి అని పేరు పెట్టినారు. 1950ల ఆరంభములో శాస్త్రిగారు "అల్పజీవి" వ్రాసినప్పుడు ఆ పద్ధతి ఆయనకు అక్కరకు వచ్చినది. లోకములో ప్రతి ఒక్కరికీ భయపడే సుబ్బయ్య అనే చిరుద్యోగి అందు కథానాయకుడు. భయము బయటకు మాటలాడదు, లోలోపలనే గొణుగుతుంది. ఆ గొణుగుడును వినిపించుటకు పాత కథనరీతి చాలదు. కనుక ఆయన జాయిస్ వద్ద పనిముట్టును మాత్రము ఎరువు తెచ్చుకొన్నారు. మనిషిని ఎరువు తెచ్చుకొనలేదు. సుబ్బయ్య అచ్చముగా మన ఊరి సుబ్బయ్య.

పనిముట్టు గ్రంథములో దొరికినది. మాట న్యాయస్థానములో దొరికినది. న్యాయవాదిగా ఆయన ఎదుట నిలిచినవారు పేదలు, దొంగసారా కేసులలో చిక్కినవారు, సాక్షులు, పోలీసులు, గుమాస్తాలు. మద్యనిషేధము అమలులో ఉన్న రోజులలోని వీరి బ్రతుకులు 1960ల ఆరంభములో "ఆరు సారా కథలు"గా రూపొందినవి. ఉత్తరాంధ్ర మాండలికమును ఆయన హాస్యమునకు మాత్రమే వాడుకొనలేదు. న్యాయము అడిగే గొంతుకను దానికి ఇచ్చినారు. "సొమ్మలు పోనాయండి" అన్న ఆయన గ్రంథనామమునే చూడండి. ఈ ప్రాంతమున సొమ్మలనగా పశువులు. పోనాయి అనగా పోయినవి. ఈ వాడుక తెలియనివారు నగలు పోయినవని అనుకొంటారు. పశువే సొమ్ము అయిన రైతు బ్రతుకు ఆ ఒక్క పలుకులో ఒదిగి ఉన్నది. నిఘంటువు ముందు కూర్చొని ఆలోచించినవానికి ఇటువంటి పలుకు దొరకదు. చెవి ఒగ్గి విన్నవానికే దొరుకుతుంది.

ఈ విషయములో సైతము గురజాడవారే మార్గదర్శి. "కన్యాశుల్కం" 1892లో తొలుత ప్రదర్శితమైనది, 1897లో అచ్చయినది. రచయిత అంతటితో తృప్తి చెందలేదు. దానిని ఎంతో పెంచి, మార్చి, 1909లో క్రొత్త రూపముతో ప్రకటించినారు. నేడు మనము చదివి ఆనందించేది ఆ రెండవ కూర్పునే. అచ్చయిన గ్రంథమును సైతము పన్నెండు సంవత్సరముల తరువాత తిరిగి వ్రాయుటకు వెనుదీయని ఓర్పు శిల్పములోని మరియొక పాఠము. ఒకసారి వ్యాసము వ్రాసి, తిరిగి చూడకుండ ఉపాధ్యాయుని చేతిలో పెట్టే విద్యార్థి ఈ సంగతి వినదగును.

పఠనము, శ్రవణము రెండూ సమకూరినను మూడవ ప్రశ్న మిగులుతుంది. ఎవరి కొరకు వ్రాయుట? 1970 ఫిబ్రవరిలో విశాఖలో శ్రీశ్రీగారి షష్టిపూర్తి మహోత్సవము జరిగినది. ఊరు ఊరంతా సన్మానమునకు సిద్ధమైన ఆ సమయములో, విద్యార్థులు ఒక కరపత్రము ప్రకటించి, రచయితలు ఎవరి పక్షమున ఉన్నారో తేల్చి చెప్పుమని నిలదీసినారు. సన్మానసభలో అటువంటి ప్రశ్న ఎవరికీ సుఖము కలిగించదు. దాని వెనుక ఉన్న రాజకీయములతో ఏకీభవించినవారూ ఉన్నారు, విభేదించినవారూ ఉన్నారు. ఆ ఏడాది జూలైలోనే విప్లవ రచయితల సంఘము ఏర్పడి, శ్రీశ్రీగారు దానికి అధ్యక్షులయినారు. పాఠకుని ప్రశ్న రచయిత జీవితమునే మలుపు త్రిప్పగలదనుటకు ఇంతకు మించిన నిదర్శనము అవసరము లేదు.

రావిశాస్త్రిగారు ఈ ప్రశ్నను మరియొక విధముగా వేసుకొన్నారు. తాను వ్రాసేది ఏ మంచికి అపకారము చేయునో, ఏ చెడుకు సాయపడునో ప్రతి రచయితా ఆలోచించుకొనవలెనన్నది ఆయన నియమము. ఇది పక్షముల ప్రశ్న కంటె కఠినమైనది. పక్షము ఒకనాడు ఎంచుకొంటే చాలును. ఈ విచారణ ప్రతి కథకూ, ప్రతి వాక్యమునకూ చేసుకొనవలసినదే. ఎంత చక్కని ఉపమానమైనను బాధితుని పరిహసించునదయితే దానిని కొట్టివేయగల గుండె ధైర్యము శిల్పములో ఒక భాగమే.

శ్రీశ్రీగారు 1983లోను, రావిశాస్త్రిగారు 1993లోను కీర్తిశేషులయినారు. వారిని ఎదుట కూర్చుండబెట్టుకొని అడిగే భాగ్యము నేటి విద్యార్థులకు లేదు. కాని ఈ మూడు ప్రశ్నలతో వారి గ్రంథములను తెరచినచో సమాధానములు అక్కడనే ఉన్నవి. ఉపాధ్యాయులు తరగతిలో ఒక చిన్న పని పెట్టి చూడవచ్చును. తనకు ఇష్టమైన పుస్తకములో తనను పట్టి నిలిపిన చోటు ఏదో ప్రతి విద్యార్థీ ఒక పుటలో వ్రాయవలెను. తరువాతి పుటలో ఆ దినమున ఇంటనో సంతలోనో విన్న మాటను విన్నది విన్నట్లు వ్రాయవలెను. ఆ రెండు పుటలనూ ప్రక్క ప్రక్కన పెట్టి చదివిన బాలునకు, "ఎట్లా వ్రాస్తారండీ?" అని మరియొకరిని అడుగవలసిన అవసరము అంతగా ఉండదు.