తక్కువ ఖర్చులో వినే గది: ముందు సందులు, తర్వాత పరుపులు

మా సంఘం దగ్గర ఒక పాత ఫోనులో నలభై నిమిషాల రికార్డింగు ఉంది. కోవిల్‌పట్టి పక్క పల్లెలో ఉండిన ఒక అవ్వ పాడిన పెళ్ళిపాటలూ దంపుళ్ళ పాటలూ అవి. ఆమెకు తెలుగు చదవడం, రాయడం రాదు. ఇక్కడి మనవాళ్ళలో చాలామందికి లాగే ఆమెకూ తెలుగు చెవి నుంచి చెవికి వచ్చిన భాషే. మేము ఆమెను ఒక పెద్ద ఖాళీ హాలులో కూర్చోబెట్టి, ఫ్యాను వేసి, కాఫీ ఇచ్చి పాడించాము. మర్యాదలో లోటు లేదు. రికార్డింగు మాత్రం పాడైంది. వీధి చివర గుడి మైకు, తలమీద ఫ్యాను, నాలుగు గోడల నుంచి వచ్చిన మారుమోత అన్నీ కలిసిపోయి పాట రాగం తెలుస్తుంది గాని మాట తెలియదు. ఆరుగురం మూడు ఆదివారాలు కూర్చుని రాసుకుంటే సగానికి పైగా చుక్కలే మిగిలాయి. అవ్వను మళ్ళీ అడుగుదామంటే ఆమె ఇప్పుడు లేరు.

ఆ తర్వాతే మేము కార్యాలయం వెనుక ఉన్న 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు గదిని వినడానికీ రికార్డు చేయడానికీ సిద్ధం చేశాము. అది చూసిన సభ్యులు తమ ఇంట్లో కూడా అలాంటిది చేసుకోవచ్చా, ఎంత అవుతుంది అని అడుగుతున్నారు. అమెరికాలో ఉన్న ఒక సభ్యుని కొడుకు తన ఇంటి బేస్‌మెంటులో చేసుకోవాలని అడిగాడు. అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాము.

బేస్‌మెంటు సంగతి ముందు చెప్పాలి. మన మేస్త్రీలు బేస్‌మెంటు అంటే పునాది పైన లేపే గట్టును అంటారు. ఆ అబ్బాయి అడిగింది నేల కింద గది. అటువంటి గదికి మూడు నాలుగు వైపులా మట్టే గోడ కనుక బయటి రొద సహజంగానే తక్కువ. అక్కడ బాధంతా పైకప్పుతో. పై అంతస్తులో ఎవరు నడిచినా కింద దబదబమంటుంది. పై నేలమీద మందమైన తివాచీ వేసుకోవడం, కప్పు కింద జిప్సం బోర్డు రెండు పొరలుగా బిగించి పైన ఖాళీలో రాక్‌వూల్ పెట్టుకోవడం అక్కడి మార్గం. విరుదునగర్, కోవిల్‌పట్టి వైపు మాత్రం నేల కింద గది మాట ఎత్తవద్దు. మనది కరిసల్ భూమి, నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. చవకగా కట్టిన నేలమాళిగలోకి మొదటి ఐప్పసి వానకే నీరు వస్తుంది. ఇంటి మధ్యలో, వీధికి దూరంగా, రెండు వైపులా వేరే గదులు ఉన్న గది ఏదో అదే మన నేలమాళిగ.

ఇప్పుడు అసలు విషయం. చాలామంది రెండు వేరు పనులను ఒకటే అనుకుంటారు. మేమూ అలాగే అనుకుని డబ్బు పోగొట్టుకున్నాము. బయటి శబ్దం లోపలికి రాకుండా ఆపడం ఒక పని. లోపలి శబ్దం గోడలకు కొట్టుకుని మోగకుండా చేయడం వేరొక పని. మొదటిదానికి కావలసింది బరువు, సందు లేకపోవడం. రెండోదానికి కావలసింది మెత్తదనం, మందం. మెత్తటిది ఏదీ బయటి మైకును ఆపదు. బరువైన గోడ లోపలి మోతను తగ్గించదు, ఇంకా పెంచుతుంది.

మాకు మొదట ఎవరో కోడిగుడ్ల అట్టలు అంటించమన్నారు. హోటళ్ళ నుంచి అడిగి తెచ్చి ఒక గోడంతా అంటించాము. గుడి మైకు ఎప్పటిలాగే వచ్చింది. ఆ అట్టకు బరువు ఎక్కడిది ఆపడానికి? కీచుమనే మోత కొద్దిగా తగ్గింది, బొద్దింకలు పెరిగాయి. తర్వాత ఒక అంగడివారు స్పాంజి పలకలు అంటగట్టారు. వాటినీ తీసేశాము, అయితే కారణం వేరు. 2003 ఫిబ్రవరి 20న అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రంలో స్టేషన్ అనే నైట్‌క్లబ్‌లో వేదిక వెనుక గోడలకు అంటించిన పాలీయురిథేన్ స్పాంజికి బాణసంచా నిప్పురవ్వ తగిలి 100 మంది చనిపోయారు. 2013 జనవరిలో బ్రెజిల్‌లోని సాంటా మరియాలో కిస్ నైట్‌క్లబ్‌లో అదే జరిగింది, 242 మంది పోయారు. శివకాశి పక్కన బతికేవాళ్ళకు నిప్పు గురించి మేము చెప్పాలా. పరుపుల అంగట్లో దొరికే మామూలు స్పాంజిని ఏ గోడకూ అంటించకండి.

బయటి శబ్దం దగ్గరకు వద్దాం. రెండు వైపులా పూత పూసిన 9 అంగుళాల ఇటుక గోడ సుమారు 50 డెసిబెల్స్ శబ్దాన్ని ఆపుతుంది. 10 డెసిబెల్స్ తగ్గితే చెవికి శబ్దం సగమైనట్టు తోస్తుంది. అంటే మన పాత ఇళ్ళ గోడలకు మీరు చేయవలసింది ఏమీ లేదు, అవి తమ పని తాము చేస్తూనే ఉన్నాయి. గొడవంతా సందులతో. లెక్క చూడండి. 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు గోడ 120 చదరపు అడుగులు. అందులో 3 అడుగుల తలుపు కింద అరంగుళం సందు ఉంటే అది గోడలో సుమారు వెయ్యో వంతు. ఆ వెయ్యో వంతు వల్ల 50 ఆపవలసిన గోడ 30 దగ్గరే ఆగిపోతుంది. గోడలో నూరో వంతు రంధ్రం ఉంటే 20కి మించి ఆపలేదు. గోడ మీద వేలు ఖర్చుపెట్టి తలుపు కింద సందు వదిలేస్తే ఆ వేలన్నీ నీళ్ళలో పోసినట్టే.

మన పెద్దలు ప్రతి తలుపుకూ గడప పెట్టేవారు. ఇప్పుడు లోపలి గదులకు గడప మానేశాము, కాలికి తగులుతుందని. వినే గదికి గడప మళ్ళీ పెట్టించండి. తలుపు వచ్చి గడపకు ఆనేచోట, చుట్టూ ద్వారబంధానికీ రబ్బరు పట్టీ అంటించాలి. కారు తలుపులకు వేసే రకం పట్టీ స్పేర్‌పార్ట్స్ అంగళ్ళలో మీటరు లెక్కన దొరుకుతుంది. తలుపును వేలితో కొట్టి చూడండి. డొల్లగా పలికితే అది పనికిరాదు. కారైక్కుడిలో పాత ఇళ్ళ తలుపులు అమ్మే అంగళ్ళు ఉన్నాయి. అక్కడ బరువైన పాత తలుపు వెతకవచ్చు. అంత దూరం పోలేకపోతే ఉన్న డొల్ల తలుపుకే రెండు వైపులా మందమైన ప్లైవుడ్ బిగించి, బరువు మోసే కొత్త బందులు వేయించుకోండి. మేము చేసింది ఇదే.

కిటికీకి ఉన్న అద్దానికి లోపలి వైపు, ఒక జాన దూరంలో, రెండో అద్దం బిగిస్తే మంచి ఫలితం ఉంటుంది. రెండూ దగ్గరగా ఉంటే లాభం తక్కువ. కిటికీ పైన సిమెంటు జాలీ వెంటిలేటరు ఉంటే మీ శత్రువు అదే. పాత వైరింగు పైపులు గోడలో నుంచి పోయే రంధ్రాలనూ మరవకండి. వెతకడానికి చవకైన పద్ధతి ఒకటి ఉంది. రాత్రి గదిలో దీపం ఆర్పి మీరు లోపల ఉండండి, మనవడిని టార్చితో బయట చుట్టూ తిప్పండి. వెలుగు ఎక్కడ కనిపిస్తే అక్కడ పుట్టీ. మాకు పద్నాలుగు చోట్ల కనిపించింది.

అయితే గాలి రావాలి. అన్నీ మూసిన గదిలో చిత్తిరై నెలలో నలుగురు కూర్చుంటే పావుగంటలో తల తిరుగుతుంది. వెంటిలేటరును పూర్తిగా పూడ్చకుండా దాని ముందు ప్లైవుడ్ పెట్టె ఒకటి కట్టించాము. లోపల గాలి పాము మెలికలా రెండు మూడు మలుపులు తిరిగి రావాలి, లోగోడలకు రాక్‌వూల్ పరచి గుడ్డ కప్పాలి. గాలి మలుపు తిరుగుతుంది, శబ్దం మలుపుల్లో మెత్తటి గోడలకు తగిలి అలసిపోతుంది. దారి ఇరుకుగా పెడితే గాలే ఈల వేస్తుంది, కాబట్టి వెడల్పుగా పెట్టండి. రికార్డు చేసే పది నిమిషాలు ఫ్యాను ఆపి, తర్వాత తలుపు తీసి మళ్ళీ గాలి పట్టించడం మా అలవాటు. తలుపుకు బయటి నుంచి గడియ పెట్టవద్దు.

ఇక లోపలి మోత. దీని లెక్కను కనిపెట్టినది హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని వాలెస్ సాబిన్. 1895లో అక్కడ కొత్తగా కట్టిన ఒక ఉపన్యాస మందిరంలో మాట అర్థం కావడం లేదని ఆయనను పంపారు. ఆయన చేసిన పని ఏమంటే, పక్కనున్న నాటకశాల నుంచి కుర్చీల మెత్తలు మోయించుకొచ్చి, ఒక్కొక్కటిగా పరుస్తూ, శబ్దం ఆగడానికి ఎంతసేపు పడుతుందో గడియారంతో కొలవడం. మెత్తలు పెరిగేకొద్దీ మోత కాలం తగ్గింది. ఆ లెక్కతో మా గదిని చూసుకుంటే, ఖాళీగా ఉన్నప్పుడు మోత ఆగడానికి దాదాపు 3 సెకన్లు. మాట స్పష్టంగా వినాలంటే అర సెకను దగ్గర ఉండాలి. దానికి సుమారు 100 చదరపు అడుగుల మెత్తటి, మందమైన సామాను చాలు. అంటే ఆరు ఒంటి పరుపులు.

మన ఊళ్ళకు పత్తి కొరత లేదు. సభ్యుల ఇళ్ళలో అటకల మీద పడి ఉన్న పాత పత్తి పరుపులు అడిగి తెచ్చి, ఎండలో వేసి, కొట్టించి, కొయ్య చట్రాల్లో బిగించి, గోడకు నాలుగు అంగుళాల ఎడం వదిలి నిలబెట్టాము. ఆ ఎడం వల్ల బొంగురు శబ్దాలు కూడా కొంత తగ్గుతాయి, వానకాలంలో చెమ్మ పట్టదు. పైన కప్పే గుడ్డను నోటికి ఆనించి ఊది చూడండి. ఊపిరి పోతే శబ్దమూ పోతుంది. రెక్సిన్ కప్పితే పరుపు ఉండీ లేనట్టే. పత్తి కూడా కాలుతుంది కనుక స్విచ్చి బోర్డు దగ్గర, ప్లగ్గుల దగ్గర పరుపు పెట్టలేదు. అక్కడ కాలని రాక్‌వూల్ వాడాము. దాన్ని కోసేటప్పుడు ముక్కుకు మాస్కు, చేతికి తొడుగు తప్పనిసరి. గదిలో ఊదువత్తి కూడా వెలిగించము.

ఎక్కడ పెట్టాలి అంటే, మీరు కూర్చునే చోట కూర్చోండి. ఇంకొకరు ముఖం చూసుకునే అద్దాన్ని గోడ వెంట జరుపుతూ పోవాలి. అద్దంలో స్పీకరు ఎక్కడ కనిపిస్తుందో ఆ చోట మొదటి పరుపు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ సమానంగా ఉన్న గదిని మాత్రం వినడానికి ఎంచుకోకండి. మృదంగం తొప్పి ఒకే స్వరం దగ్గర గుమ్మని ఉబ్బుతుంది. మిగిలిన పరుపులు మూలల్లో నిలబెడితే ఆ గుమ్మనడం తగ్గుతుంది.

ఇంత శ్రమ ఎందుకంటే, మన భాషలో అచ్చులు బిగ్గరగా పలుకుతాయి, హల్లులు చిన్నగా పలుకుతాయి. మోగే గదిలో ముందు అచ్చు తోక వచ్చి తర్వాతి హల్లును మింగేస్తుంది. కల్లు అన్నదో కళ్ళు అన్నదో తెలియదు. పుస్తకంలో చదువుకున్నవాడు ఊహించుకుంటాడు. వినడమే చదువు అయినవాడికి ఆ మాట లేనట్టే. పైగా వయసు మీరినవారికి మొదట మందగించేది హల్లులు ఉండే ఆ పై స్థాయి శబ్దాలే. మోగే హాలులో మనవడి మాట తాతకు అందదు, తాత మాట మనవడికి అందదు, ఇద్దరూ తమిళంలోకి మారిపోతారు. ఇది మా కళ్ళముందు ఎన్నోసార్లు జరిగింది.

పాటకూ ఇదే లెక్క. కోవిల్‌పట్టికి తూర్పున ఉన్న ఎట్టయపురంలో 1904లో సుబ్బరామ దీక్షితులు గారి సంగీత సంప్రదాయ ప్రదర్శిని తెలుగు లిపిలోనే అచ్చయింది. అందులో గమకాలకు విడిగా గుర్తులు ఉన్నాయి. వీణ మీద ఆ గమకం స్వరానికీ స్వరానికీ మధ్య జారుతుంది, మారుమోత అక్కడే కప్పేస్తుంది. గది సిద్ధమయ్యాక మేము పరీక్షకు పెట్టింది 1962 నాటి మురిపించే మువ్వలు సినిమాలో కారుకురిచ్చి అరుణాచలం గారి నాదస్వరంతో పోటీగా ఎస్. జానకి గారు పాడిన పాట. గొంతు ఎక్కడ ఆగింది, నాదస్వరం ఎక్కడ అందుకుంది అన్నది విడివిడిగా వినిపిస్తే గది బాగున్నట్టు. పరుపులు పెట్టకముందు రెండూ ముద్దగా వినిపించాయి.

ఖర్చు మాట. తలుపు ప్లైవుడ్డు, బందులు, గడప, రబ్బరు పట్టీ, రెండో అద్దం, గాలి పెట్టె, చట్రాలు, కొద్దిగా రాక్‌వూల్, వడ్రంగి కూలి అన్నీ కలిపి 20 వేలకు కొంచెం లోపు అయింది. పరుపులు ఊరికే వచ్చాయి. గుడ్ల అట్టలకూ స్పాంజికీ పోయినది ఇందులో చేర్చలేదు. గుమాస్తా చేయి కనుక దానికి వేరే పద్దు రాసి పెట్టాము, చూడగోరిన సభ్యులు చూడవచ్చు.

ఆగని శబ్దాలు కొన్ని ఉన్నాయి. పంగుణి పొంగల్ మేళం, జనరేటరు, పెళ్ళి ఊరేగింపు డ్రమ్ములు, వీటి బొంగురు శబ్దం గోడను కూడా కదిలించి వస్తుంది. చవకలో దానికి మందు లేదు. సమయం చూసుకోవడమే. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట మైకులు పెట్టకూడదు. నియమం సంగతి ఎలా ఉన్నా మా వీధిలో మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా అందరూ నిద్రపోతారు. మా రికార్డింగులన్నీ ఆ వేళలోనే. మైకు నోటికి ఒక జాన దూరంలో ఉండాలి. గది ఎంత బాగున్నా మైకును గది అవతల పెడితే పాత కథే.

ఈ గదిలో ఇప్పటికి తొమ్మిది మంది పెద్దలు మాట్లాడారు, పాడారు. వాటిలో మాట పోయిన చోటు లేదు. ఆ అవ్వ పాటలు మాత్రం చుక్కలతోనే ఉన్నాయి. పెళ్ళికూతురికి నలుగు పెట్టేటప్పుడు పాడేదొకటి, అల్లుడిని అలక మాన్పించేదొకటి, వడ్లు దంచేటప్పుడు పాడేవి మూడు. మీ ఇంట్లో అత్తకో అవ్వకో ఆ పాటలు వచ్చి ఉంటే, ఏ ఆదివారమైనా మధ్యాహ్నం రెండు గంటలకు వారిని తీసుకురండి. మా దగ్గర ఉన్న సగం వినిపిస్తాము.