తలచుకున్న కొద్దీ మారే జ్ఞాపకం

జ్ఞాపకం అనగానే చాలామంది మనసులో మెదిలేది బీరువా లాంటి బొమ్మ. చదివినవీ చూసినవీ అందులో సర్దుకుంటాం, అవసరమైనప్పుడు తీసుకుంటాం, దొరక్కపోతే మరిచిపోయామంటాం. నూట నలభై ఏళ్లుగా మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగాల ముందు ఈ బొమ్మ నిలవలేదు. బీరువాలోంచి పట్టుచీర తీసి, చూసి, మళ్లీ మడిచి పెడితే చీరలో మార్పేమీ రాదు. జ్ఞాపకాన్ని బయటికి తీస్తే మాత్రం అది ఎంతో కొంత మారి లోపలికి వెళుతుంది. కొన్నిసార్లు గట్టిపడుతుంది, కొన్నిసార్లు పక్కదారి పడుతుంది. పరీక్షకు చదివే విద్యార్థికీ, కోర్టు బోనెక్కే సాక్షికీ పనికొచ్చే సంగతి ఇది.

మరుపుకు మొదటి కొలత

జ్ఞాపకాన్ని తూకం వేసినట్టు కొలవవచ్చునని మొదట చూపించినవాడు జర్మనీకి చెందిన హెర్మన్ ఎబ్బింగ్‌హాస్. ప్రయోగం చేసిందీ ఆయనే, చేయించుకున్నదీ ఆయనే. తెలిసిన మాటలు కంఠస్థం చేస్తే వాటితో ఉన్న పాత పరిచయం లెక్కను పాడుచేస్తుందని, రెండు హల్లుల మధ్య ఒక అచ్చు పెట్టి, అర్థం లేని పదాంశాలు దాదాపు 2,300 తయారుచేసుకున్నాడు. వాటిని వరసలుగా పేర్చి, ఒకే వేగంతో చదువుతూ, తప్పు లేకుండా అప్పజెప్పగలిగేదాకా వల్లె వేసేవాడు. కొంత వ్యవధి ఇచ్చి అదే వరసను మళ్లీ నేర్చుకునేవాడు. మొదటిసారికన్నా రెండోసారి ఎంత సమయం ఆదా అయిందో చూసేవాడు. ఇరవై నిమిషాలు పట్టిన వరస రెండోసారి పది నిమిషాలకే వచ్చేస్తే పొదుపు సగం. ఒక్క ముక్క కూడా గుర్తులేదనిపించిన పాఠంలోనూ లోలోపల ఎంత మిగిలిందో ఈ పొదుపు లెక్క బయటపెడుతుంది.

1885లో ఆయన ప్రకటించిన ఫలితాలు నేటికీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి. నేర్చుకున్న 20 నిమిషాలకు పొదుపు 58 శాతం, గంటకు 44, ఒక రోజుకు 34, ఆరు రోజులకు 25, 31 రోజులకు 21 శాతం. అంటే మరుపు తన పనిలో ఎక్కువ భాగాన్ని మొదటి గంటలోనే ముగించి, ఆ తర్వాత నెమ్మదిస్తుంది. వారానికి మిగిలినదానికీ నెలకు మిగిలినదానికీ పెద్ద తేడా లేదు. 2015లో ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు ఇదే ప్రయోగాన్ని మళ్లీ చేసి చూస్తే, గీత దాదాపు అదే వంపుతో వచ్చింది.

ఆయన గమనించిన మరో సంగతి విద్యార్థులకు మరీ ముఖ్యం. ఒకే రోజున 68 సార్లు వల్లె వేస్తే వచ్చిన ఫలితం, ఆ పనిని మూడు రోజులకు పంచితే 38 సార్లకే వచ్చింది. రాత్రంతా కూర్చుని చదివే చదువుకన్నా, విడతలు విడతలుగా చదివే చదువుకు శ్రమ తక్కువ, నిలకడ ఎక్కువ.

కొత్త జ్ఞాపకం నిలవని మనిషి

జ్ఞాపకం ఒక్కటే వస్తువు కాదని తేలింది ఒక ఆపరేషన్ వికటించడం వల్ల. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రవాసి హెన్రీ మొలైసన్‌కు చిన్నప్పటి నుంచీ మూర్ఛలు. మందులకు లొంగకపోవడంతో 1953లో, ఆయనకు 27 ఏళ్లప్పుడు, విలియం స్కోవిల్ అనే సర్జన్ రెండు కణతల వైపునా మెదడు లోపలి భాగాన్ని కొంత తొలగించాడు. హిప్పోక్యాంపస్ అనే భాగంలో చాలా మేరకు అందులో పోయింది. మూర్ఛలు బాగా తగ్గాయి. తెలివితేటలకు లోటు రాలేదు. కానీ ఆ రోజు నుంచి కొత్తగా జరిగినదేదీ ఆయనకు గుర్తుండటం మానేసింది.

మాంట్రియల్ నుంచి వచ్చి ఏళ్ల తరబడి ఆయన్ను పరీక్షించిన బ్రెండా మిల్నర్‌ను ఆయన ప్రతిసారీ కొత్త మనిషిగానే పలకరించేవాడు. నాలుగైదు అంకెలు చెబితే వెంటనే తిరిగి చెప్పగలిగేవాడు. దృష్టి కాస్త మళ్లితే అంకెలే కాదు, ఎవరో అంకెలు చెప్పారన్న సంగతే పోయేది. అయితే అద్దంలో మాత్రమే చూస్తూ నక్షత్రం బొమ్మ అంచు వెంట గీత గీయమంటే మూడు రోజుల్లో చేయి తిరిగింది. గీత కుదురుగా వస్తున్నా, ఆ పని ముందెప్పుడూ చేయలేదనే ఆయన నమ్మకం.

దీన్నిబట్టి మూడు సంగతులు తేలాయి. కాసేపు మనసులో పట్టి ఉంచుకునే స్వల్పకాలిక స్మృతి వేరు, సంఘటనలను నిలిపి ఉంచే దీర్ఘకాలిక స్మృతి వేరు. సైకిలు తొక్కడం, అల్లిక లాంటి చేతి పనుల నేర్పు వీటితో సంబంధం లేకుండా మరో దారిలో నిలుస్తుంది. ఇక, ఆయనకు చిన్ననాటి జ్ఞాపకాలు చాలావరకు మిగిలాయి కాబట్టి, జ్ఞాపకం ఏర్పడటానికి హిప్పోక్యాంపస్ కావాలి గాని, పాత జ్ఞాపకాలన్నీ ఉండే చోటు అది కాదు. 2008లో ఆయన చనిపోయేదాకా లోకానికి ఆయన పేరు తెలియదు. శాస్త్ర గ్రంథాల్లో ఆయన ‘హెచ్.ఎం.’ మాత్రమే.

మిగిలినదానికి మనం పూరించేది

జ్ఞాపకంలో తెరపలు వస్తే మనసు వాటిని ఖాళీగా ఉంచదు. కేంబ్రిడ్జిలో ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ తన విద్యార్థుల చేత ఉత్తర అమెరికా ఆదివాసుల కథ ఒకటి చదివించి, కొన్నాళ్ల తేడాతో మళ్లీ మళ్లీ రాయించాడు. 1932లో అచ్చయిన ఆయన పుస్తకంలో ఆ వివరాలున్నాయి. విద్యార్థులు కథను కుదించారు, తమకు వింతగా తోచిన చోట్లను తమకు తెలిసిన ధోరణిలోకి తిప్పేశారు. కథలోని చిన్న పడవలు మామూలు పడవలయ్యాయి. కావాలని మార్చినవాళ్లు ఎవరూ లేరు. గుర్తున్న నాలుగు ముక్కలకు, ఇలా జరిగి ఉంటుందిలే అన్న ఊహను చేర్చి కథ అల్లారు, దాన్నే జ్ఞాపకం అనుకున్నారు.

ఆ ఊహను బయటివాళ్లు కూడా అందించవచ్చునని 1974లో ఎలిజబెత్ లోఫ్టస్, జాన్ పామర్ చూపించారు. విద్యార్థులకు కారు ప్రమాదాల ఫిల్ములు చూపించి, కార్లు ఎంత వేగంతో ఉన్నాయని అడిగారు. అందరూ చూసిన ప్రమాదాలు అవే. ప్రశ్నలోని క్రియ ఒక్కటే మారింది. కార్లు ఒకదాన్నొకటి ‘తాకినప్పుడు’ అని అడిగితే సగటు జవాబు గంటకు 31.8 మైళ్లు. ‘గుద్దుకున్నప్పుడు’ అంటే 34. ‘ఢీకొని నుజ్జయినప్పుడు’ అంటే 40.5.

ఇది మాట ప్రభావమే తప్ప జ్ఞాపకం మారడం కాదని ఎవరైనా అనవచ్చు. అందుకని మరో 150 మందితో ఇంకో ప్రయోగం చేశారు. వారం తర్వాత పిలిచి, పగిలిన గాజు ముక్కలు చూశారా అని అడిగారు. ఫిల్ములో గాజు పగలనే లేదు. ‘గుద్దుకున్నప్పుడు’ అన్న ప్రశ్న విన్నవాళ్లలో 14 శాతం చూశామన్నారు. ‘నుజ్జయినప్పుడు’ అని విన్నవాళ్లలో 32 శాతం చూశామన్నారు. వారం కింద చెవిన పడ్డ ఒక మాట, కంటితో చూసిన దృశ్యంలో గాజు ముక్కలు చల్లింది.

సాక్షి నమ్మకం ఎక్కడ నుంచి వస్తుంది?

1984లో అమెరికాలోని నార్త్ కరోలినాలో అత్యాచారానికి గురైన ఒక విద్యార్థిని, దుండగుడి ముఖాన్ని ఎలాగైనా గుర్తుంచుకోవాలని ఆ క్షణంలోనే పట్టుదలగా గమనించింది. పోలీసులు ఫొటోలు చూపిస్తే, కాసేపు ఆలోచించి రోనాల్డ్ కాటన్ అనే యువకుడి ఫొటో తీసింది. తర్వాత మనుషులను వరసగా నిలబెడితే మళ్లీ అతణ్నే చూపించింది. ఫొటోల్లోనూ ఆ వరసలోనూ రెండు చోట్లా ఉన్నవాడు అతనొక్కడే. కోర్టుకు వచ్చేసరికి ఆమెకు అణుమాత్రం సందేహం లేదు. అసలు నేరస్థుణ్ని తర్వాత కోర్టుకు తెచ్చి ఎదురుగా నిలబెట్టినా, ఇతణ్ని ఎప్పుడూ చూడలేదంది. కాటన్ పదేళ్లకు పైగా జైల్లో ఉన్నాక, 1995లో డీఎన్ఏ పరీక్ష అతను నిర్దోషి అని తేల్చింది.

ఆమె అబద్ధమాడలేదు. ముఖాన్ని తలచుకున్న ప్రతిసారీ కాటన్ ముఖమే మనసుకు వచ్చింది, వచ్చిన ప్రతిసారీ ఇంకాస్త స్థిరపడింది. అందుకే 2014లో అమెరికా జాతీయ పరిశోధన మండలి, సాక్షి మొట్టమొదటిసారి గుర్తుపట్టినప్పుడు ఎంత నమ్మకంతో చెప్పారో అప్పటికప్పుడే నమోదు చేయాలని సిఫారసు చేసింది. మన దేశంలో మేజిస్ట్రేటు సమక్షంలో జరిగే గుర్తింపు పరేడ్‌కు అనవసరమైన ఆలస్యం పనికిరాదని న్యాయస్థానాలు చెబుతూనే ఉన్నాయి. అయినా మన చట్టంలో అసలు సాక్ష్యం కోర్టులో గుర్తుపట్టడమే, పరేడ్ దానికి బలం చేకూర్చేది మాత్రమే. జ్ఞాపకం తీరు తెలిసినవాళ్లకు మొదటి గుర్తింపే ఎక్కువ విలువైనదిగా కనిపిస్తుంది, ఎందుకంటే తర్వాతివాటిలో మొదటిదాని నీడ పడి ఉంటుంది.

తలచుకోవడం జ్ఞాపకాన్ని ఎందుకు కదిలిస్తుందో 2000లో న్యూయార్క్‌లో కరీం నాదర్, గ్లెన్ షేఫ్, జోసెఫ్ లెడూ ఎలుకల మీద చేసిన ప్రయోగం కొంత చెబుతుంది. ఒక శబ్దం వినిపించి చిన్న షాక్ ఇస్తే, ఎలుక ఆ శబ్దానికి భయపడటం నేర్చుకుంటుంది. ఆ భయం స్థిరపడ్డాక శబ్దాన్ని మళ్లీ వినిపించి, వెంటనే కొత్త ప్రొటీన్ల తయారీని ఆపే మందును మెదడులోని అమిగ్డలాలోకి ఎక్కించారు. భయం బాగా తగ్గిపోయింది. శబ్దం వినిపించకుండా అదే మందు ఇస్తే భయం చెక్కుచెదరలేదు. అంటే, గట్టిపడిపోయిందనుకున్న జ్ఞాపకం తలపుకు వచ్చాక కొంతసేపు మళ్లీ పచ్చిగా మారుతోంది, తిరిగి కుదురుకోవడానికి కొత్త ప్రొటీన్లు కావలసి వస్తోంది. మనుషుల్లో ఇది ఎంతవరకు జరుగుతుందన్నది ఇంకా చర్చల్లోనే ఉంది.

అదే గుణం, చదువులో వరం

ఇంతవరకు చూసింది నష్టమే. ఇక లాభం. 2006లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ విద్యార్థులకు ఒక చిన్న పాఠం ఇచ్చారు. కొందరు దాన్ని నాలుగు విడతలు చదివారు. మరికొందరు ఒక్క విడత చదివి, మిగిలిన మూడు విడతల్లో పాఠం చూడకుండా గుర్తున్నదంతా రాశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్లదే పైచేయి, 83 శాతానికి 71. వారం తర్వాత పరీక్ష పెడితే లెక్క తిరగబడింది. చదువుతూ పోయినవాళ్లకు 40 శాతం గుర్తుంది, గుర్తుచేసుకుంటూ రాసినవాళ్లకు 61 శాతం. అయితే వారం తర్వాత తమకే బాగా గుర్తుంటుందని ముందుగా అంచనా వేసుకున్నది చదివినవాళ్లే.

ఈ పొరపాటు అంచనా దగ్గరే మన స్టడీ అవర్లలో సగం శ్రమ వృథా అవుతోంది. నోట్సు మూడోసారి తిరగేస్తుంటే ప్రతి వాక్యమూ తెలిసినట్టే ఉంటుంది. ఎదురుగా ఉన్నదాన్ని గుర్తుపట్టడం వేరు, లేనిదాన్ని మనసులోంచి రప్పించడం వేరు. పరీక్ష హాల్లో కావలసింది రెండోది. పుస్తకం మూసి తడుముకోవడం కష్టంగా ఉంటుంది, ఆ కష్టమే జ్ఞాపకాన్ని గట్టిపరుస్తుంది.

ఈ ప్రయోగాల వెలుగులో మన అష్టావధానాన్ని చూస్తే దాని కట్టుబాటు మరింత బాగా అర్థమవుతుంది. అవధాని సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి, వర్ణన లాంటి అంశాలకు ఒక్కో పద్యం ఒకేసారి పూర్తిచేయరు. పాదం చొప్పున నాలుగు చుట్లు తిరుగుతారు. మధ్యలో అప్రస్తుత ప్రసంగం దృష్టిని లాగుతూనే ఉంటుంది. రెండో పాదం అందుకోవాలంటే మొదటిదాన్ని మనసుకు తెచ్చుకోక తప్పదు, నాలుగోదానికి మూడింటినీ. ఎబ్బింగ్‌హాస్ చెప్పిన విడతలూ, రోడిగర్ చెప్పిన గుర్తుచేసుకోవడమూ రెండూ ఆ నడకలోనే ఉన్నాయి. పైగా ఛందస్సు తోడు. ఉత్పలమాల పాదానికి ఇరవై అక్షరాలు, పదో అక్షరం యతిస్థానం, నాలుగు పాదాలకూ రెండో అక్షరం ప్రాస. తప్పు మాట వస్తే పద్యమే పట్టిస్తుంది. పద్యాలన్నిటినీ చివర తిరిగి అప్పజెప్పే ధారణకు సిద్ధపడటం మొదటి చుట్టు నుంచే మొదలవుతుంది.

ధారణ అలవడితే అన్నింటికీ జ్ఞాపకశక్తి పెరుగుతుందని మాత్రం అనుకోకూడదు. పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ‘ఎస్.ఎఫ్.’ అనే విద్యార్థి 230 గంటలకు పైగా సాధన చేసి, ఒక్కసారి విన్న అంకెల వరసను ఏడు నుంచి 79 దాకా పెంచుకున్నాడు. అతను పరుగు పందేల ఆటగాడు కావడంతో అంకెలను పరుగు సమయాలుగా గుంపులు కట్టుకునేవాడు. 1980లో ప్రచురితమైన ఈ అధ్యయనంలోనే ఉంది, అంకెలకు బదులు అక్షరాలు ఇస్తే అతను ఆరు దగ్గరే ఆగిపోయాడు. పెరిగింది అంకెల మీద పట్టు మాత్రమే.

తలచుకోవడం దేన్ని గట్టిపరచాలో ఎంచుకోదు. నిజం తలపుకు వస్తే నిజాన్నీ, తప్పు వస్తే తప్పునూ గట్టిపరుస్తుంది. కాబట్టి చదివే పిల్లలు పుస్తకం మూసి రాయాలి, రాశాక పుస్తకం తెరిచి దిద్దుకోవాలి. ఈ రెండో పని వదిలేస్తే మొదటిది తప్పును పాతుకునేలా చేయగలదు. ప్రమాదమో నేరమో కళ్లారా చూసినవాళ్లు నలుగురితో చర్చించక ముందే, టీవీ చూడక ముందే, తెలిసింది తెలిసినట్టు కాగితం మీద పెట్టడం మంచిది. ఆ తర్వాత ఎన్నిసార్లు చెప్పినా సరిచూసుకోవడానికి ఆ కాగితం ఉంటుంది. ఎదుటివారి జ్ఞాపకం మన జ్ఞాపకంతో కలవనప్పుడు, వాళ్లు అబద్ధం చెబుతున్నారని తేల్చే ముందు, ఇద్దరూ ఎన్నిసార్లు తలచుకున్నారో, ఎవరెవరి మాటలు విన్నారో అడిగితే వాదన సగం తగ్గుతుంది.