సైకిలును దేహమునకు సరిపరచుట: అందులకు సొమ్ము వెచ్చింపదగునా?

మా పాఠశాలకు దూరగ్రామమునుండి సైకిలుపై వచ్చు విద్యార్థి యొకడు గత సంవత్సరము మోకాలినొప్పిచే పలుమారులు తరగతికి రాలేకపోయెను. “బిడ్డ పెరుగుచున్నాడు గదా, రెండేండ్లకే చిన్నదై పోకూడదని పెద్ద సైకిలు కొంటిని” అని వాని తండ్రి చెప్పెను. నగరములలో సైకిలును మనుష్యుని కొలతకు సరిపరచు నిపుణులున్నారని వినియుండుటచే, కొన్ని వేల రూపాయలు వ్యయపడియైనను వానిని అచ్చటికి కొనిపోవలయునా యని నన్నడిగెను. కష్టార్జితము వెచ్చింపబోవువానికి తొందరపడి బదులు చెప్పరాదు. నేను విచారించి తెలిసికొన్న సంగతులు ఇతరులకును ఉపయోగించునని యిట వ్రాయుచున్నాను.

సైకిలును దేహమునకు సరిపరచుట క్రొత్త విద్య కాదు. పూర్వము వాడుకలోనుండిన ఎత్తు చక్రపు సైకిలునకు పెడళ్లు ముందుచక్రపు ఇరుసునకే బిగింపబడియుండెను. కావున త్రొక్కువాని కాలిపొడవునుబట్టి చక్రమునెన్నుకొనవలసియుండెను. 1885లో ఇంగ్లండునందు జాన్ కెంప్ స్టార్లీ గొలుసుతో నడచు ‘రోవర్’ సైకిలును వెలువరించెను. ఆ మాదిరి వ్యాపించిన పిమ్మట ఒక్క చట్రమే పలువురికి పనికివచ్చెను. సీటును, హ్యాండిలును సరిచేసికొను పని మాత్రము మనకు మిగిలెను. ఆ పనిని ఉపేక్షించుటవలననే పెక్కు బాధలు కలుగుచున్నవి.

ఏలయన, నిమిషమునకు 60 చుట్ల చొప్పున ఒక గంట త్రొక్కినచో ఒక్కొక్క మోకాలు 3,600 మారులు వంగి సాగును. ఒకమారు లెక్కకురాని లోపము ఇన్ని మారులైనపుడు నొప్పియగును. సీటు మిక్కిలి క్రిందుగా నున్నచో మోకాలి ముందుభాగమున ఒత్తిడి హెచ్చును. మిక్కిలి ఎత్తుగా నున్నచో పెడలందక నడుము ఇరుప్రక్కలకు ఊగును. మోకాలి వెనుకభాగము నొచ్చును. హ్యాండిలు దూరమైనచో మెడయు భుజములును నొచ్చును; అరచేతులపై భారము పడి వ్రేళ్లు తిమ్మిరెక్కును.

నిపుణుడు చేయు పని యేమి? మొదట పూర్వపు గాయములను, ప్రయాణపు దూరమును అడిగి, దేహపు సాగుదలను పరీక్షించును. పిదప సైకిలును ఒక పీఠమునకు బిగించి, త్రొక్కుచుండగా కెమెరాతో గమనించును. పెడలు అడుగునకు వచ్చినపుడు మోకాలు 25 మొదలు 35 డిగ్రీలవరకు వంగియుండునట్లు సీటునెత్తుటయో దించుటయో చేయును. సీటును ముందు వెనుకలకు జరపును. హ్యాండిలును, పాదము నిలుచు తావును సవరించును.

ఇందులో మొదటిదియు ముఖ్యమైనదియునగు సీటు ఎత్తును మనము ఇంటనే సరిచేసికొనవచ్చును. పాదరక్షలు విడిచి గోడకానుకొని నిలిచి, ఒక పుస్తకమును తొడలనడుమ పైకంట నొక్కిపట్టి, దాని పైయంచునుండి నేలవరకు కొలువవలయును. ఆ కొలతను 0.883తో గుణింపవలయును. కొలత 75 సెంటీమీటర్లయినచో ఫలము సుమారు 66. పెడళ్లు తిరుగు నడి ఇరుసునుండి సీటు పైభాగమువరకు నుండవలసిన దూరమిదియే. లెక్క వలదనువారు సీటుపై కూర్చుండి, అడుగుననున్న పెడలుపై మడమ నుంచిచూడవలయును. కాలు నిటారుగా నుండి, నడుము వంగకున్నచో చాలును; పాదపు ముందుభాగముతో త్రొక్కునపుడు మోకాలు తగినంత వంగును. ఇది ఆరంభము మాత్రమే. పిమ్మట కొంచెము కొంచెముగా సవరించుచు, కొన్ని దినములు త్రొక్కిచూచి నిర్ణయింపవలయును. అయితే సీటు గొట్టముపై చెక్కిన హద్దుగీతకు మించి దానిని పైకెత్తరాదు; అట్లు చేసినచో గొట్టము విరిగి ప్రమాదము కలుగవచ్చును.

అట్లయిన నిపుణుడు వ్యర్థుడా? కాదు. 2023లో హైదరాబాదు బాహ్యవలయ రహదారి ప్రక్కన సౌరఫలకముల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు మార్గము తెరువబడినది. అట్టి మార్గములందు వారమునకు వందకు మించిన కిలోమీటర్లు త్రొక్కువారును, పెడలునకు బిగియు పాదరక్షలు ధరించువారును, ఇంట సవరించుకొన్నను నొప్పి మానని వారును ఆ సొమ్ము వెచ్చించుట తగును. పాదము బిగింపబడియున్నపుడు స్వల్పమైన వంకరయు ప్రతి చుట్టునందును మోకాలిని బాధించును. బడికి పోయి వచ్చు బాలునకో, అది గోటితో పోవుదానికి గొడ్డలివంటిది. పైగా పెరుగు బిడ్డకు ఈ సంవత్సరపు కొలత మరుసటి సంవత్సరము పనికిరాదు. చట్రమే పెద్దదైనచో ఎంతటి నిపుణుడును దానిని చిన్నది చేయజాలడు. వాపు గాని, విడువని నొప్పి గాని యున్నచో మొదట చూపవలసినది వైద్యునకే.

మా విద్యార్థి విషయమున నట్లే జరిగెను. వైద్యుడు పరీక్షించి గాయమేమియు లేదని చెప్పెను. సీటు నడుగంట దించినను వాని కాలు పెడలునకు చక్కగా అందలేదు. తండ్రి ఆ సైకిలును తానుంచుకొని, కుమారునికి వాడిన చిన్న సైకిలొకటి కొనెను. కొన్ని వారములకు నొప్పి తగ్గెను. హాజరుపట్టీలో వాని పేరునకెదుట ఖాళీలును తగ్గెను.

కావున తలిదండ్రులకు నా మనవి యిది: రేపటి ఎత్తునకు గాక నేటి కాలిపొడవునకు తగిన సైకిలు కొనుడు. విద్యార్థులారా, ప్రతి పరీక్షకాలమున సీటు ఎత్తును మరల కొలిచి చూచుకొనుడు. చెప్పు కరచినపుడు పాదమును తప్పుపట్టము గదా! సైకిలు విషయమునను అంతియే.