ఆఫీసులో కుక్కలు: ముందు ఎవర్ని అడగాలి?



ఈ మధ్య మన తెలుగువాళ్ళిద్దరు వేరువేరుగా నన్ను ఒకే సంగతి అడిగారు. ఒకాయన ఇక్కడ అమెరికాలోనే 17 మందితో చిన్న సాఫ్ట్‌వేరు కంపెనీ నడుపుతున్నారు. కోవిడ్ రోజుల్లో కుక్కపిల్లల్ని తెచ్చుకున్న ఉద్యోగులు "ఇంట్లో ఒంటరిగా వదల్లేం, ఆఫీసుకి తెచ్చుకోనిస్తారా?" అంటున్నారట. దానికి ఒక పాలసీ ఎలా రాయాలన్నది ఆయన ప్రశ్న. రెండో ఆవిడ వేరే చోట ఉద్యోగం చేస్తున్నారు. వాళ్ళ ఆఫీసులో కుక్కల్ని రానిస్తున్నామని మెయిలు వచ్చింది. ఈవిడకేమో కుక్కంటే వణుకు. "చెబితే నవ్వుతారేమోనండీ" అన్నారు. ఆయన రాయబోయే పాలసీని ఈవిడను దృష్టిలో పెట్టుకుని రాస్తే సగం పని అయిపోయినట్టేనని నా అభిప్రాయం.

ఇదేమీ కొత్త ముచ్చట కాదు. కుక్కను ఆఫీసుకి తీసుకెళ్ళే రోజంటూ ఒకటి 1999లోనే ఈ దేశంలో మొదలైంది. ఫాదర్స్ డే తరవాత వచ్చే శుక్రవారం జరుపుతారు. అమెజాన్ కంపెనీ తొలిరోజుల్లో రూఫస్ అనే కోర్గీ కుక్క ఆఫీసంతా తిరిగేది. 2024లో వాళ్ళు తెచ్చిన షాపింగ్ సహాయకుడి ప్రోగ్రాముకి దాని పేరే పెట్టారు. వర్జీనియా కామన్వెల్త్ యూనివర్సిటీ వాళ్ళు నార్త్ కరోలినాలోని ఒక కంపెనీలో చేసిన పరిశీలన 2012లో వెలువడింది. కుక్కను వెంట తెచ్చుకున్నవాళ్ళకి పొద్దుగడిచే కొద్దీ ఒత్తిడి తగ్గిందట, మిగతావాళ్ళకి పెరిగిందట. బాగానే ఉంది. కానీ గమనించండి, ఒత్తిడి తగ్గింది కుక్క ఉన్నవాళ్ళకి. పక్క సీటులో బిగుసుకుని కూర్చున్న మనిషి సంగతి వేరే చూసుకోవాలి.

మన భయానికి కారణం లేకపోలేదు. ఊళ్ళో సందు చివర గుంపుగా వెంటపడే కుక్కల్ని చూసి పెరిగినవాళ్ళం. పిచ్చికుక్క కరిస్తే బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లు అన్న మాట విన్నవాళ్ళం. ఇక్కడి పరిస్థితి వేరు. కుక్కల నుంచి కుక్కలకి పాకే రకం రేబీస్ అమెరికాలో లేకుండా పోయిందని సీడీసీ 2007లో ప్రకటించింది. గబ్బిలాల్లో, రకూన్లలో ఇంకా ఉంది కాబట్టి టీకా మాత్రం మానకూడదు. ఇదంతా తెలిసినా, డెస్కు కింద ఏదో కదిలితే గుండె ఝల్లుమనడం ఆగదు కదా! ఇక్కడి సహోద్యోగికి కుక్క ఇంటి బిడ్డ. "మావాడు ఏమీ చెయ్యడు" అంటాడు. అబద్ధమేమీ కాదు, తనని ఏమీ చెయ్యదు మరి.

అందుకని మొదటి పని అడగడం. మీటింగులో "ఎవరికైనా అభ్యంతరమా? చేతులెత్తండి" అంటే ఎవరూ ఎత్తరు. అందులోనూ కొత్తగా చేరి, వీసా కాగితాలు కంపెనీ చేతిలో ఉన్నవాళ్ళు అసలు ఎత్తరు. పేరు రాయనక్కర్లేని చీటీ ద్వారా అడగాలి. అలర్జీయా, భయమా, మతాచారమా అన్న కారణం కూడా అడగొద్దు. ఇబ్బంది ఉందా, ఎంత ఉంటే సర్దుకోగలరు, అంతే. నలుగురు వద్దన్నారంటే కుక్కల్ని వేరే గదికో, వారానికి ఒక రోజుకో పరిమితం చెయ్యొచ్చు. ఒక్కరికే తీవ్రమైన ఉబ్బసం ఉన్నా ఆలోచన మార్చుకోవాల్సి రావచ్చు.

అలర్జీ గురించి కాస్త వివరంగా చెప్పాలి. చాలామంది వెంట్రుకలవల్ల అనుకుంటారు. అసలు కారణం జంతువు లాలాజలంలో, చర్మంలో ఉండే ప్రోటీన్లు. అవి కార్పెట్‌కీ సోఫాకీ మన బట్టలకీ అంటుకుని వెళతాయి. పిల్లిని ఇంట్లోంచి పంపేశాక కూడా దాని ప్రోటీను నెలల తరబడి ఉంటుంది. కాబట్టి "ఒక నెల చూద్దాం, కుదరకపోతే మానేద్దాం" అన్నంత సులువు కాదు. ప్రయోగమేదో కార్పెట్ లేని గదిలో, వేరే గాలి వచ్చే చోట మొదలుపెట్టడం మంచిది.

ఎవరు ఎటు జరగాలన్న దగ్గర చాలా ఆఫీసులు పొరబడతాయి. ఇబ్బంది ఉందన్న మనిషిని తీసుకెళ్ళి మూలన కిటికీ లేని గదిలో కూర్చోబెడతారు. అది శిక్షలా ఉంటుంది. కుక్కను తెచ్చుకున్నవాళ్ళే కుక్కలకి కేటాయించిన చోటికి వెళ్ళాలని పాలసీలో స్పష్టంగా రాయాలి. లిఫ్టులో, వంటగదిలో, బాత్‌రూముల్లో, మీటింగుల్లో కుక్కలుండవు. కుక్క లీషు మీదే ఉంటుంది, యజమాని కళ్ళముందే ఉంటుంది. టీకా పత్రాలు ముందే ఇవ్వాలి.

ఇక చట్టం. వికలాంగుల హక్కుల కోసం 1990లో వచ్చిన ఏడీఏ చట్టం 15 మంది, ఆపైన ఉద్యోగులున్న కంపెనీలకి వర్తిస్తుంది. మన 17 మంది కంపెనీ కూడా అందులోకే వస్తుంది. శిక్షణ పొందిన సర్వీస్ డాగ్ అవసరమైన ఉద్యోగి విషయంలో పెంపుడు కుక్కల పాలసీ పనికిరాదు. దాన్ని వైకల్యానికి చేసే సర్దుబాటుగా విడిగా పరిశీలించాలి. అవసరం పైకి కనిపించనప్పుడు కంపెనీ డాక్టరు కాగితం అడగొచ్చు. తీవ్రమైన అలర్జీ కూడా ఇదే చట్టం కిందికి రావచ్చు. అప్పుడు ఇద్దరికీ వేరువేరు గదులో, గాలి శుభ్రం చేసే ఫిల్టర్లో, వేరే షిఫ్టులో చూడాలి. సర్దుబాటు అడిగినందుకు వేధించడం నిషేధం. ఈ రక్షణ పౌరులకే కాదు, హెచ్1బీ మీద ఉన్నవాళ్ళకీ ఉంది.

కాటు సంగతి రాష్ట్రాన్నిబట్టి మారుతుంది. కాలిఫోర్నియాలో కుక్క మొదటిసారి కరిచినా యజమానిదే బాధ్యత. టెక్సాస్‌లో దాని స్వభావం యజమానికి ముందే తెలుసా అన్నది చూస్తారు. కంపెనీ వాళ్ళు బిల్డింగు లీజునీ, ఇన్సూరెన్సునీ చదివాకే అనుమతి ఇవ్వాలి. చదవకుండా ఇచ్చే ఉదారత ఖరీదైనది.

మనవాళ్ళున్న ఆఫీసుల్లో ఇంకో జాగ్రత్త ఉంది. దీపావళికి డబ్బాలు తెస్తాం కదా! లడ్డూలో, పరమాన్నంలో ఉండే కిస్‌మిస్ కుక్కల మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. గారెల్లో వేసే ఉల్లిపాయ వాటి రక్తకణాలను పాడుచేస్తుంది. చాక్లెట్, జైలిటాల్ వేసిన చూయింగ్ గమ్ మరీ ప్రమాదం. ప్రేమకొద్దీ ఒక ముక్క పెట్టొద్దు. డబ్బాలు ఎత్తుమీద పెట్టండి.

అన్ని కుక్కలకీ ఆఫీసు నచ్చుతుందనీ అనుకోకూడదు. మాటిమాటికీ ఆవలిస్తూ, పెదవులు నాక్కుంటూ, తోక ముడుచుకుంటుంటే అది ఇబ్బందిపడుతోందన్నమాట. ఇంటికి తీసుకెళ్ళడమే దాని మీద దయ.

చివరగా ఆ రెండో ఆవిడకి, ఆవిడలాంటి వాళ్ళకి. మేనేజరుకి రెండు వాక్యాల మెయిలు చాలు: "నాకు కుక్కల దగ్గర పని చెయ్యడం కష్టం. నా డెస్కు వైపుకి రాకుండా ఏర్పాటు చెయ్యగలరా?" కారణం రాయనక్కర్లేదు, క్షమాపణ అసలే అక్కర్లేదు. అలర్జీ ఉంటే మాత్రం డాక్టరు కాగితం దగ్గరుంచుకోండి. కుక్క ఎదురైతే పరుగెత్తొద్దు, అరవొద్దు, కళ్ళలోకి చూడొద్దు. పక్కకి తిరిగి నిలబడి, లీషు పట్టుకోమని యజమానికి చెప్పండి. కంపెనీ నడిపే ఆయనకి నేను చెప్పింది ఇంకొక్కటే: మూడు నెలల తరవాత అదే చీటీ, అదే ప్రశ్న, మళ్ళీ పేరు లేకుండా అడగమన్నాను.