జపాను శీతకాలపు చాక్లెట్లు

జపానులో చలికాలంలో మాత్రమే విక్రయించే మెత్తని చాక్లెట్లను "తోకి గెంతెయి", అనగా శీతకాలానికే పరిమితమైనవి, అంటారు. కోకో వెన్న సుమారు 34 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. కావున ఇవి అక్కడి వేసవికి నిలువవు.

ముఖ్యమైన రకాలు
* బక్కస్ (1964): లోట్టే సంస్థ తయారీ. లోపల కోన్యాక్ బ్రాందీ ఉంటుంది.
* రమ్మీ (1965): ఇదీ లోట్టే వారిదే. రమ్ములో నానిన ఎండుద్రాక్షలు ఉంటాయి.
* మెల్టీకిస్ (1992): మెయిజి సంస్థ తయారీ. కోకో పొడి అద్దిన చిన్న ఘనాలు.

రుచి నిర్ణయం
వీటన్నిటినీ ఒకే కొలమానంతో తూచరాదు. మెల్టీకిస్‌కు నోట కరిగే తీరును బట్టి, రమ్మీకి మద్యపు ఘాటు, తీపి, ద్రాక్ష పులుపుల పొందికను బట్టి మార్కులు వేయడం న్యాయం. అతిచల్లగా ఉన్నప్పుడు తింటే పరిమళం తెలియదు. మెల్టీకిస్‌ను నమలక, నాలుకపై కరగనివ్వాలి. బక్కస్, రమ్మీలలో మద్యం ఉన్నందున అవి పిల్లలకు, గర్భిణులకు తగవు.