రక్తనాళాల గోలీలకు పింఛన్ పైసలు పెట్టకండి

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల పింఛన్‌దారులకు సూచన.

వయసు పైబడటం, బీడీ పొగ, షుగర్, బీపీ వల్ల ఒంట్లో ‘ఫ్రీ రాడికల్స్’ పెరిగి రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తాయి. అక్కడ కొవ్వు పేరుకుంటే గుండెపోటు, పక్షవాతం రావచ్చు. ఫ్రీ రాడికల్స్‌ను అడ్డుకునేవే యాంటీ ఆక్సిడెంట్లు.

గోలీలు కొనాలా? అవసరం లేదు. ఫిన్లాండ్‌లో పొగతాగే 29 వేల మంది మగవాళ్లపై చేసిన పరీక్షలో, బీటా కెరోటిన్ గోలీలు వేసుకున్నవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎక్కువగా వచ్చిందని 1994లో తేలింది.

మీరు చేయాల్సినవి:
• తోటకూర, మునగాకు, ఉసిరి, జామ తినండి.
• బీడీ, చుట్ట మానండి.
• పల్లె దవాఖానలో బీపీ, షుగర్ పరీక్షలు, గోలీలు ఉచితం. బాగైందని గోలీలు ఆపకండి.
• ఛాతీలో నొప్పి వచ్చినా, మూతి వంకర పోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి.